తడవని అట్ట

రాత్రి ఎనిమిదికి చెప్పుల దుకాణం షట్టరు సగం దించి
ఖాళీ పెట్టెలన్నీ వీధిలోకి విసిరేదాన్ని.
నోళ్ళు తెరుచుకుని,
ఒకదాని కడుపులో ఒకటి ఇరుక్కుని,
అడుగున నేను తాగి పారబోసిన మాతే పిప్పి.
నా పని అంతటితో సరి.

ఆ రోజు వాన పరానా నదివైపు నుంచి వచ్చింది.
వానకంటే రెండు నిమిషాలు ముందు ఆమె వచ్చింది.
తోపుడుబండికి రెండు సైకిలు చక్రాలు,
ఒకటి పెద్దది, ఒకటి పిల్లది.
రొసారియో రోడ్లన్నీ ఆ బండికి
ఒకవైపే వాలి ఉంటాయి.

షట్టరు మీద వేలితో కొట్టి
"అమ్మాయ్, కత్తుందా?" అంది.
నేను నీళ్ళు నమిలాను.
ఇచ్చాను.

చేప పొట్ట చీరినట్టు టేపు చీల్చింది.
మోకాలు ఆనించి ఒక్క నొక్కు,
పెట్టె నిట్టూర్చి పడుకుంది.
పైకి అని బాణం గీసిన వైపు
నేల చూసింది.

"తడిస్తే బరువెక్కుతుందిగా, నీకు లాభమేగా?" అన్నాను,
తెలివైనదాన్నని.
నవ్వింది. పైపళ్ళు రెండు లేవు.
"కాటా దగ్గర వాడికీ వేళ్ళున్నాయమ్మా.
నొక్కి చూస్తాడు. సగం కోస్తాడు.
బూజు పడితే అసలే వద్దంటాడు."

పేరు ఎవులోహియా బరేతో.
పరాగ్వేలో పుట్టిన ఊరి పేరు కూడా చెప్పింది,
నాకు నోరు తిరగలేదు.

తర్వాత ఏ గురువారం ఏం నేర్పిందో వరస గుర్తులేదు.
పిన్నులు పీకాలని మాత్రం
ఆమె బొటనవేలే చెప్పింది.
పిజ్జా డబ్బా ఇస్తే వెనక్కి తోసింది:
"నూనె తాగాక అది కాగితం కాదు.
మూత శుభ్రంగా ఉంది, మూత చించి ఇవ్వు."
పగిలిన అద్దం ఉంటే విడిగా చుట్టి
పైన పెద్దక్షరాలతో రాయమంది.
రాయనివాళ్ళ ఇల్లు ఏదో
అరచేతిలో తెల్లగీత చూపించి చెప్పింది,
తిట్టకుండా.

కట్టడానికి తాడు లేదు.
జత తప్పిన బూటు లేసులు ఒక డ్రాయరు నిండా ఉన్నాయి.
ఎర్రవి, గోధుమరంగువి, ఒక బంగారు రంగుది.
నా కట్టలు పండక్కి ముస్తాబైనట్టుండేవి.
సందు చివర మందులషాపు కుర్రాడు నవ్వేవాడు.
నవ్వనీ.

ఆగస్టు చలిలో దుకాణం మూశారు.
యజమాని స్కార్పాతి అరలు కూడా అమ్మేశాడు,
నా కుర్చీ ఎవరికో ఊరికే ఇచ్చేశాడు.
చివరి రాత్రి అట్టలు బండిమీద నా ఎత్తు లేచాయి.
కెటిలు, చెప్పుల జత, పదకొండేళ్ళ రశీదుల పుస్తకం,
చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను.
సంచి లేదు.

ఎవులోహియా నన్ను చూసింది. బండిని చూసింది.
కట్టిన కట్ట విప్పి
మధ్యలోంచి ఒకటి లాగింది.
"ఇది మూడు పొరలది. దీనికింకా ఆయువుంది."
చదును చేసిన చేతులే మళ్ళీ నిలబెట్టాయి.
అడుగు రెక్కలు నాలుగూ
ఒకదాని కింద ఒకటి దూర్చింది,
టేపు అక్కర్లేకుండా.
డబ్బివ్వబోతే వేలు ఊపింది:
"అప్పు. పనయ్యాక మడిచి ఇవ్వు."

ఆ పెట్టె ఇల్లు చేరింది.
చెల్లెలి వంటగిన్నెలతో లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కింది.
ఉల్లిపాయలు మోసింది.
పక్కింటి ఫెర్మీనా టమాటా మొక్కలకి
వసంతమంతా తొట్టి అయింది,
అడుగున పాత కవరు పరిచి.
డిసెంబరుకి ఒక మూల మెత్తబడింది.
ఎండలో ఆరబెట్టాను.
మట్టి దులిపాను.
మడిచాను.

బంగారు లేసు దీనికోసమే దాచినట్టున్నాను.

గురువారం. మబ్బు.
మా వీధి ఆమె దారి కాదు,
మందులషాపు కుర్రాడితో కబురంపాను.
వాన జల్లు పడని చోట, మెట్టు మీద,
గోడకి ఆనించి పెట్టాను.
దీపం వెయ్యనా వద్దా అనుకుంటూ వేశాను.

మలుపులో పిల్లచక్రం కుంటుతున్న చప్పుడు.
వచ్చింది. వంగి
మూల నొక్కి చూసింది.
ముడి చూసింది.

కత్తి అడగలేదు.